జీర్ణకోశ వైద్యుడు నాన్నను అడిగిన ప్రశ్నలు

మా నాన్నకు పొట్టలో ఏదో ఇబ్బంది ఉందన్న సంగతి మా ఇంట్లో అందరికీ చాలా ఏళ్ళుగా తెలుసు. భోజనం చేసిన కాసేపటికి పుల్లటి తేన్పులు రావడం, తెల్లవారుజామున పొట్ట పైభాగంలో సన్నగా మంట పుట్టి, రెండు బిస్కెట్లు తిని మంచినీళ్ళు తాగితే సర్దుకోవడం, పెళ్ళి భోజనం చేసి వచ్చిన రాత్రి కడుపుబ్బరంతో వరండాలో పచార్లు చేయడం, ఇవన్నీ ఆయన స్వభావంలో భాగాలే అన్నట్టు మేము అలవాటు పడిపోయాము. భీమవరం దగ్గరి ఒక పల్లెలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన ఆయనను హైదరాబాదుకు రప్పించి, జీర్ణకోశ వ్యాధుల నిపుణుడి ముందు కూర్చోబెట్టినది మాత్రం ఈ బాధల్లో ఏదీ కాదు. రక్తపరీక్ష కాగితం మీద కనిపించిన ఒక అంకె ఆ పని చేసింది.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆయన చెప్పినప్పుడు, అరవై ఏడేళ్ళ మనిషికి ఆయాసమంటే ముందు గుండెనే అనుమానించాలి కనుక, భీమవరంలోని జనరల్ ఫిజీషియన్ ఈసీజీ, ఎకో తీయించారు. అవి రెండూ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 8.4 ఉంది. వయోజనులైన మగవారిలో అది 13కు తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. శరీరంలో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్షలో కూడా అంకె అడుగంటింది. ఆ వైద్యుడు ఐరన్ బిళ్ళలు రాసి పంపించేసి ఉంటే మేమూ సంతోషంగా ఇంటికి వచ్చేవాళ్ళమే. బిళ్ళలు రాస్తూనే ఆయన, "మగవాళ్ళకు ఈ వయసులో ఐరన్ ఊరికే తగ్గదండీ, లోపల ఎక్కడో రక్తం పోతూ ఉండాలి, గ్యాస్ట్రో డాక్టరుకు చూపించండి" అని అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన సలహా అదేనని నా అభిప్రాయం.

ఆ మాట వెనుక ఉన్న లెక్క నాకు తరువాత అర్థమైంది. మనం తినే తిండి నుంచి పేగులు రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఐరన్‌ను మాత్రమే గ్రహించగలవు. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. అంటే రోజుకు ఒకటి రెండు చెంచాల రక్తం పేగుల్లోకి కారినా, ఆ నష్టాన్ని తిండి పూడ్చలేదు. నెలలు గడిచేకొద్దీ నిల్వ కరిగిపోతుంది. మలం తారులాగా నల్లగా మారి కంటికి కనిపించాలంటే సుమారు 50 మిల్లీలీటర్లో అంతకు మించో రక్తం పోవాలి. అందువల్ల చెంచాడేసి చొప్పున పోయే రక్తాన్ని ఇంట్లో ఎవరూ గమనించలేరు. మలం పరీక్షలో గాని, రక్తపరీక్షలో గాని దాని జాడ తెలుస్తుంది.

మెడికల్ గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు, సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు తేడా ఏమిటో అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటివారు ఎండీ తరువాత మరో మూడేళ్ళు డీఎం చదివి, మందులతోను, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని లోపలికి పంపి చూసే ఎండోస్కోపీతోను వైద్యం చేస్తారు. రెండవవారు ఎంసీహెచ్ చదివి శస్త్రచికిత్సలు చేస్తారు. కడుపు కోయవలసిన అవసరం ఉందని తేలేవరకు మొదటివారినే కలవాలి. ఈ వైద్యానికి హైదరాబాదులో దొరకని సదుపాయం అంటూ లేదు. నిమ్స్‌లోను, ఉస్మానియాలోను ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించినప్పుడు ఆ వార్తను నాన్నే నాకు ఫోనులో చదివి వినిపించారు. మేము వెళ్ళినది మాత్రం మా ఇంటికి దగ్గరలో ఉన్న మరొక ఆసుపత్రికి. అక్కడి వైద్యుడి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఆయన ప్రచారం కోరుకునే మనిషిలాగా కనిపించలేదు.

నాన్న తన వెంట పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో తెచ్చుకున్నారు. వైద్యుడు వాటిని పక్కన పెట్టి, ముందు ఆయన నోటితోనే చెప్పమన్నారు. మా వాళ్ళు ఎవరైనా చెప్పేదే నాన్న కూడా చెప్పారు: "గ్యాసండీ, చాలా కాలంగా ఉంది." దానికి వైద్యుడు, "గ్యాస్ సంగతి నేను చూసుకుంటాను మాస్టారూ. మీకు ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఉంటుందో చెప్పండి" అని అడిగారు. ఆ తరువాత జరిగిన సంభాషణ నాకు చాలా నచ్చింది. ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క తలుపు మూస్తూ, మరొక తలుపు తెరుస్తూ పోయింది.

నొప్పి ఎక్కడో ఒక వేలితో చూపించమన్నారు. నాన్న బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసే చోటికి కాస్త దిగువగా చూపించారు. తింటే ఎక్కువవుతుందా, తగ్గుతుందా అని అడిగితే, తగ్గుతుందని చెప్పారు. జీర్ణాశయంలోని పుండు నొప్పి తిన్న వెంటనే పెరుగుతుందని, దాని తరువాత వచ్చే చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో పుండు ఉంటే ఖాళీ కడుపున, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక, నొప్పి లేపి కూర్చోబెడుతుందని, తింటే ఉపశమిస్తుందని పుస్తకాల్లో ఉంటుందట. అందరి శరీరాలూ పుస్తకాన్ని చదవవు కనుక దాన్ని పూర్తిగా నమ్మకూడదని కూడా ఆయనే అన్నారు. ముద్ద దిగేటప్పుడు అడ్డుపడుతోందా, బరువు తగ్గారా, వాంతులు అయ్యాయా, మలం రంగు మారిందా, రాత్రి విరేచనానికి లేవవలసి వస్తోందా, అమ్మానాన్నల్లోను తోబుట్టువుల్లోను ఎవరికైనా పొట్ట, పేగు క్యాన్సర్లు వచ్చాయా అని వరుసగా అడిగారు. కూతురి ఎదుట మలం రంగు గురించి మాట్లాడటానికి నాన్న ఇబ్బంది పడటం గమనించి, నేను ఫోను వచ్చినట్టు నటించి రెండు నిమిషాలు బయటకు వెళ్ళాను. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు ఇది గుర్తుంచుకుంటే మంచిది. వాళ్ళు మన ముందు చెప్పని మాటలు ఉంటాయి, వైద్యుడికి కావలసినవి తరచుగా అవే.

మందుల గురించి అడిగినప్పుడు అసలు విషయం బయటపడింది. బీపీ బిళ్ళ, కొలెస్టరాల్ బిళ్ళ, పొద్దున్నే ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఒకటి, ఇప్పుడు కొత్తగా ఐరన్, అంతేనని నాన్న చెప్పారు. అమ్మ ఊరుకోలేదు. "మోకాళ్ళ నొప్పికి రోజూ ఒక బిళ్ళ వేసుకుంటారు కదండీ, అది చెప్పరేం?" అని అడిగింది. మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన బిళ్ళ అది. నాన్న దృష్టిలో అది మందు కాదు, కాళ్ళు కదలడానికి పొద్దున వేసుకునే కాఫీ లాంటి వస్తువు. అందుకే ఆయన దాన్ని దాచలేదు కూడా, లెక్కలోకి తీసుకోలేదంతే. వైద్యుడు కలం కింద పెట్టి, ఎన్నేళ్ళ నుంచి అని అడిగారు. అమ్మ చెప్పిన జవాబు విని ఆయన ఆశ్చర్యపోలేదు. రోజూ ఇలాంటి జవాబులు వింటారు కాబోలు.

నొప్పి బిళ్ళలు పొట్టను ఎలా పాడుచేస్తాయన్న విషయంలో మాకున్నవన్నీ సగం సగం నమ్మకాలే. ఖాళీ కడుపున వేసుకుంటేనే ప్రమాదమని, భోజనం చేశాక వేసుకుంటే ఏమీ కాదని, ఇంజెక్షనైతే పొట్టలోకి వెళ్ళదు కాబట్టి అసలు బెంగే లేదని మా ఊళ్ళో అందరూ అనుకుంటారు. వైద్యుడు చెప్పినదాన్ని బట్టి అది నిజం కాదు. జీర్ణాశయం గోడలు తమను తాము ఆమ్లం నుంచి కాపాడుకోవడానికి జిగురు పొరను, దాని కింద క్షార ద్రవాన్ని తయారు చేసుకుంటాయి. ఆ పనిని నడిపించేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పిని, వాపును పుట్టించేవి కూడా ఆ కుటుంబానికి చెందినవే. నొప్పి బిళ్ళ ఆ కుటుంబం మొత్తాన్ని అణిచివేస్తుంది. మోకాలికి ఉపశమనం, పొట్టకు రక్షణ లోపం, రెండూ ఒకే పని ఫలితాలు. మందు రక్తంలో చేరి ఈ పని చేస్తుంది కనుక, నోటితో మింగినా సూదితో ఎక్కించినా పొట్టకు ముప్పు ఉండనే ఉంటుంది. భోజనం తరువాత వేసుకోవడం వల్ల మంట కాస్త తగ్గవచ్చు గాని పుండు పడకుండా ఆగదు.

మధ్యలో నాన్న తన వైపు నుంచి ఒక నేరం ఒప్పుకోబోయారు. ఆవకాయ మానేసి చాలా కాలమైందని, అయినా తగ్గలేదని, చిన్నప్పటి నుంచి తిన్న కారమే ఇలా చేసిందేమోనని అన్నారు. కారం తింటే ఉన్న పుండు మండవచ్చు గాని కారం వల్ల పుండు పుట్టదని వైద్యుడు చెప్పగానే ఆయన ముఖంలో కనిపించినది సంతోషమో, ఇన్నేళ్ళు ఆవకాయ లేకుండా గడిపినందుకు కోపమో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వయసు మీరిన మగవారిలో ఐరన్ లోపం కనిపించినప్పుడు పైనుంచి ఎండోస్కోపీ, కింది నుంచి పెద్దపేగును చూసే కొలనోస్కోపీ రెండూ చేయాలన్నది నియమం. పైన పుండు దొరికినంత మాత్రాన కింద ఏమీ లేదని చెప్పలేం. ఒకే రోజున, ఒకే మత్తులో రెండూ చేస్తామన్నారు. ఐరన్ బిళ్ళలు మలాన్ని నల్లబరిచి పేగు గోడకు అంటించి, కెమెరాకు దారి కనిపించకుండా చేస్తాయి కనుక వారం ముందే ఆపమన్నారు. నొప్పి బిళ్ళను ఆ పూట నుంచే ఆపమన్నారు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు మాత్రం వాటిని సొంతంగా ఆపకూడదని, గుండె వైద్యుడిని అడిగి నిర్ణయించాలని అక్కడి నర్సు మా పక్కన కూర్చున్న మరొకరికి గట్టిగా చెప్పడం విన్నాను.

కొలనోస్కోపీ గురించి భయపడేవారు అసలు పరీక్షకు భయపడతారు గాని, అందులో కష్టమంతా ముందురోజు రాత్రిదే. ముందు రెండు మూడు రోజులు పీచు, గింజలు ఉండే తిండి మానాలి. గోంగూర, తోటకూర, టమోటా, జామకాయ, పప్పులు ఏవీ కూడదు. గింజ ఒక్కటి మిగిలినా కెమెరా గొట్టంలో ఇరుక్కుంటుందట. నాన్న తెల్లన్నంలో పలచటి మజ్జిగ కలుపుకుని తిన్నారు. ముందురోజు కొబ్బరినీళ్ళు, వడగట్టిన తేట పానీయాలు మాత్రమే. ఎర్రరంగువి వద్దన్నారు, లోపల రక్తంలాగా కనిపిస్తాయని. సాయంత్రం ఒక లీటరు, తెల్లవారుజామున మరొక లీటరు పాలిథిలీన్ గ్లైకాల్ కలిపిన నీళ్ళు తాగాలి. ఉప్పగా, జిగటగా ఉండే ఆ నీళ్ళను ఫ్రిజ్‌లో చల్లబరిచి, గ్లాసు గ్లాసుకూ మధ్య పావుగంట విరామం ఇస్తే కొంత తేలికగా దిగుతాయి. రెండవ లీటరు తాగడానికి నాన్న మొరాయించారు, మొదటిదానితోనే పొట్ట శుభ్రమైపోయిందని వాదించారు. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పసరు, పెద్దపేగు మొదటి భాగాన్ని తిరిగి కప్పేస్తుంది కనుక తెల్లవారుజామున తాగేదే ఎక్కువ అవసరమని చీటీలో అచ్చువేసి ఉంది. విరేచనం లేత పసుపు నీళ్ళలాగా మారేదాకా అవ్వాలి. బీపీ బిళ్ళను ఒక గుటక నీళ్ళతో వేసుకోమన్నారు. బాత్రూము దగ్గరి గదిని నాన్నకు ఇచ్చి, నేలమీద నీళ్ళు లేకుండా తుడుస్తూ, రాత్రంతా దీపం వెలిగించి ఉంచాము. ఈ వయసులో పరీక్షకన్నా బాత్రూములో జారిపడటమే పెద్ద ప్రమాదం.

పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గొంతులో మొద్దుబారే మందు కొట్టి, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, నరంలో మత్తుమందు ఇచ్చారట. నాన్నకు తరువాత కళ్ళు తెరవడమే గుర్తుంది. "ఎప్పుడు మొదలుపెడతారు?" అని ఆయన అడిగేసరికి అన్నీ అయిపోయాయి. ఆ రోజంతా బండి నడపకూడదు, బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు అని చెప్పి పంపించారు.

ఆంత్రమూలం గోడ మీద తెల్లటి అడుగుతో, చుట్టూ ఎర్రటి వాపుతో ఉన్న పుండును తెర మీద ఫొటోలో చూపించారు. పుండు దొరికాక మరో ప్రశ్న మిగిలి ఉంది. నొప్పి బిళ్ళ ఒక్కటే దోషా, లేక హెలికోబ్యాక్టర్ పైలోరి అనే సూక్ష్మక్రిమి (బ్యాక్టీరియా) కూడా ఉందా? మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మందికి పైగా పొట్టలో ఈ క్రిమి ఉంటుందని, చాలామందిలో ఏ బాధా పెట్టదని, దీనికి నొప్పి బిళ్ళ తోడైతే మాత్రం పుండు పడే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని చెప్పారు. పొట్ట పుండ్లకు ఒత్తిడి, కారం, ఆమ్లం మాత్రమే కారణమని లోకమంతా నమ్మిన రోజుల్లో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో ఈ క్రిమిని పెంచి చూపించారు. ఈస్టర్ సెలవుల వల్ల ప్రయోగశాలలో పాత్రలు మామూలుకన్నా ఎక్కువ రోజులు మిగిలిపోవడం వల్లనే, నెమ్మదిగా పెరిగే ఆ క్రిమి కంటబడింది. ఎవరూ నమ్మకపోయేసరికి మార్షల్ 1984లో ఆ క్రిమి ఉన్న ద్రవాన్ని స్వయంగా తాగి, పొట్ట వాపు తెచ్చుకుని మరీ నిరూపించారు. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. వేల సంఖ్యలో పుండు ఆపరేషన్లు జరిగిన కాలం పోయి, రెండు వారాల మందులతో పని జరిగే కాలం రావడానికి వాళ్ళే కారణం. నాన్న ఈ కథ విని, తాగినాయన బతికే ఉన్నాడా అని అడిగారు.

పుండు దగ్గరి నుంచి కాక, జీర్ణాశయం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి, ఒకదాన్ని పసుపు రంగు జెల్‌లో వేస్తారు. క్రిమి ఉంటే అది తయారుచేసే యూరియేజ్ అనే ఎంజైము వల్ల రంగు గులాబీగా మారుతుంది. నాన్న ముక్క రంగు మారలేదు. క్రిమి లేదని సంబరపడబోయాము గాని వైద్యుడు ఒప్పుకోలేదు. రోజూ పాంటోప్రజోల్ వేసుకునేవారిలో క్రిములు తగ్గి, జీర్ణాశయం పైభాగానికి జరుగుతాయని, అలాంటప్పుడు ఈ పరీక్ష అబద్ధం చెప్పవచ్చని, అందుకే తాను పైనుంచి కూడా ముక్కలు తీసి పాథాలజీకి పంపానని చెప్పారు. కొన్ని రోజుల తరువాత వచ్చిన ఆ రిపోర్టులో క్రిమి ఉంది. పరీక్ష ఫలితాన్ని రోగి వాడుతున్న మందుతో కలిపి చదవగలగడమే నిపుణుడి నిపుణత అని నాకు అప్పుడు అనిపించింది. జెల్ రంగు మారిందో లేదో నేనూ చెప్పగలను.

పెద్దపేగులో ఐదు మిల్లీమీటర్ల పాలిప్, అంటే లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ లాంటిది, ఒకటి కనిపిస్తే, సన్నటి తీగ ఉచ్చుతో అక్కడికక్కడే కత్తిరించి తీసేశారు. అడినోమా అని రిపోర్టు వచ్చింది. అలాంటివన్నీ క్యాన్సర్ కావు గాని పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇలాంటి పాలిప్‌లుగానే మొదలై, సుమారు పదేళ్ళ కాలంలో మారుతాయి. మన దగ్గర లక్షణాలు లేనివారు కొలనోస్కోపీ చేయించుకోవడం అరుదు. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకుకు నలభై అయిదు నిండగానే అక్కడి వైద్యురాలు గుర్తుచేసిందట. 2021 నుంచి అక్కడ ఆ వయసు నుంచే పరీక్షలు మొదలుపెట్టమని సిఫారసు ఉంది.

ఇక మందులు. పద్నాలుగు రోజులపాటు ఆమ్లం తగ్గించే బిళ్ళ, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఈ నాలుగూ కలిపి రాశారు. ఎక్కువమంది వైద్యులు రాసే క్లారిత్రోమైసిన్‌కు మన దేశంలో ఈ క్రిమి చాలాచోట్ల లొంగడం లేదని, పైగా అది కొన్ని కొలెస్టరాల్ బిళ్ళలతో పొసగదని చెప్పి దాన్ని వద్దన్నారు. టెట్రాసైక్లిన్ పాత మందు కావడంతో దుకాణాలు తిరిగితే గాని దొరకలేదు. దాన్ని పాలతో, పెరుగుతో, ఐరన్‌తో కలిపి వేసుకుంటే వాటికి అంటుకుని ఒంటికి పట్టదు. అందువల్ల ఐరన్‌ను బిళ్ళల రూపంలో కాక నరం ద్వారా సెలైన్‌లో ఎక్కించారు. నాలుక, మలం నల్లబడతాయని, అది బిస్మత్ రంగే గాని రక్తం కాదని ముందే చెప్పారు. చెప్పకపోయి ఉంటే మూడో రోజున మేమంతా ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళం. నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉంటుందని నాన్న రోజూ విసుక్కున్నారు.

ఆ టెట్రాసైక్లిన్ అట్టను చేతిలో పట్టుకుని నాన్న ఒక మాట అన్నారు, అది ఇక్కడ రాయకుండా ఉండలేను. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గురించి ఆయన ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పారు. సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు సంగ్రహణితో, అంటే తిన్నది ఒంటబట్టనివ్వని పేగుల జబ్బుతో, కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయననూ ఆ జబ్బు పట్టుకుంటే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బయటపడ్డారు. అమెరికాలో లెడర్లే అనే మందుల సంస్థలో ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల్లో ఫోలిక్ ఆమ్లం తయారీ ఒకటి, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ ఇంకొకటి. దాన్ని బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు, 1948లో లోకానికి వెల్లడైంది. సంగ్రహణికి ఈనాటికీ ఇచ్చే మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. పొట్ట జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి పర్యవేక్షణలో పుట్టిన మందుల కుటుంబం, ఆయన పుట్టిన ఊరి పక్కనే పాఠం చెప్పిన పంతులుగారి పొట్టకు పనికొచ్చింది. మెట్రోనిడజోల్ చేదు మీద విసుగు ఆ పూటకు కాస్త తగ్గింది.

కోర్సు పూర్తి చేయడంతో పని అయిపోదని చాలామందికి చెప్పరు. క్రిమి నిజంగా పోయిందో లేదో చూడటానికి యాంటీబయాటిక్‌లు ఆపిన నాలుగు వారాల తరువాత, ఆమ్లం బిళ్ళ కూడా రెండు వారాలు ఆపి, ఊపిరి పరీక్ష గాని, మలంలో క్రిమి జాడను వెతికే యాంటిజెన్ పరీక్ష గాని చేయించాలి. కొన్ని ల్యాబులు ఇదే పనికి రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేస్తామంటాయి. క్రిమిని ఎదిరించడానికి ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలు, క్రిమి చచ్చినా చాలా కాలం ఉంటాయి కనుక దానికి డబ్బు పెట్టడం వృథా. నాన్న ఊపిరి పరీక్షలో క్రిమి లేదని వచ్చింది. హిమోగ్లోబిన్ 12 దాటింది. ఆయాసం పోయింది.

మా బంధువుల్లో ఈ కబురు పాకిన తరువాత, తేన్పు వచ్చిన ప్రతివారూ ఎండోస్కోపీ చేయించుకోవాలా అని నాకు ఫోన్లు చేస్తున్నారు. అక్కర్లేదు. వయసులో ఉండి, అప్పుడప్పుడు మంట తప్ప మరే ఇబ్బందీ లేనివారికి మామూలు వైద్యుడు చాలు. ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలం తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో రావడం, మలంలో ఎర్రటి రక్తం, రక్తహీనత, ఆగని వాంతులు, యాభై దాటాక మొదటిసారిగా మొదలైన అజీర్తి లేదా విరేచన వేళల్లో మార్పు, ఇంట్లో రక్తసంబంధీకులకు జీర్ణకోశ క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏది ఉన్నా మాత్రం గ్యాస్ బిళ్ళతో కాలక్షేపం చేయకూడదు. ఛాతీలో బరువుతో పాటు చెమటలు పడుతున్నప్పుడు సోడా తాగి కూర్చోకుండా ముందు ఈసీజీ తీయించుకోవాలని కూడా వాళ్ళకు చెబుతున్నాను. వైద్యుడి దగ్గరకు వెళ్ళేముందు, మందు అని మనం అనుకోని వాటితో సహా, మింగుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళమంటున్నాను. నాటు వైద్యుడిచ్చిన పొడులు, ఆర్ఎంపీ ఇచ్చిన పేరులేని బిళ్ళలు కూడా అందులో ఉండాలి.

మిగిలిపోయిన చిక్కల్లా మోకాళ్ళే. నొప్పి బిళ్ళ ఆపిన తరువాత నాన్నకు నడక కష్టమైంది. పాత బిళ్ళలో పొట్టను పాడుచేసిన ఎసిక్లోఫెనాక్ లేకుండా, ఒక్క పారాసెటమాల్ కొంత పనిచేస్తోంది, తొడ కండరాలకు ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు ఇంకొంత. తప్పనిసరైతే పొట్టకు కాస్త తక్కువ హాని చేసే సెలికాక్సిబ్ అనే నొప్పి బిళ్ళను ఆమ్లం బిళ్ళతో కలిపి, కొద్ది రోజులు మాత్రం వాడవచ్చని, అయితే గుండె, మూత్రపిండాల పరిస్థితి చూడకుండా అది కూడా మొదలుపెట్టకూడదని జీర్ణకోశ వైద్యుడు చీటీ మీద రాసి ఇచ్చారు. ఆ చీటీ జిరాక్సు ఒకటి అమ్మ భీమవరంలో మేము ఎప్పుడూ వెళ్ళే మందుల దుకాణంలో ఇచ్చి, మాస్టారు వచ్చి అడిగినా పాత బిళ్ళ ఇవ్వవద్దని చెప్పి వచ్చింది. ఎముకల వైద్యుడి అపాయింట్‌మెంటు వచ్చే నెలలో ఉంది.